గస్తీ ఓడలు ముసలివైనప్పుడు

అందరికీ నమస్కారం. చెప్పాల్సింది చాలా ఉంది, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

2004 సెప్టెంబర్‌లో అమెరికా కోస్ట్ గార్డ్ బోటు మాటగోర్డా, ఐవన్ తుఫాను దారిలోంచి తప్పుకోవడానికి హడావుడిగా బయలుదేరింది. పాత బోటే, కానీ రిపేరు పూర్తయి అప్పటికి ఆరు నెలలే. రిపేరు అంటే మామూలు రిపేరు కాదు. 110 అడుగుల బోటుకు వెనకవైపు 13 అడుగులు కొత్తగా అతికించి 123 అడుగులు చేశారు. వెనక నుంచి చిన్న బోటును నీళ్ళలోకి జార్చడానికి ర్యాంపు, లోపల కొత్త ఎలక్ట్రానిక్స్ పెట్టారు. ఆ ప్రయాణంలో అలల దెబ్బకు డెక్కు, పక్క ప్లేట్లు ముడతలు పడ్డాయి. తర్వాత మార్చిన బోట్లలోనూ ఇలాంటి ఇబ్బందులే బయటపడ్డాయి. పైన పట్టీలు వేసి బిగించి చూశారు, ఫలితం లేదు. మొత్తం 49 బోట్లనూ ఇలా పొడిగించాలన్నది మొదటి ప్లాన్. 8 దగ్గరే ఆగిపోయింది. 2006 నవంబర్ 30న కోస్ట్ గార్డ్ అధిపతి అడ్మిరల్ థాడ్ అలెన్ ఆ ఎనిమిదింటినీ సర్వీసు నుంచి తీసేశారు. దాదాపు 10 కోట్ల డాలర్లు పోయాయి.

డబ్బు సంగతి పక్కన పెడదాం. ఎనిమిది బోట్లు ఒక్కరోజులో ఆగిపోతే గస్తీ ఎవరు తిరగాలి? వాటి సిబ్బందిని మిగిలిన 110 అడుగుల బోట్లలో కొన్నిటి మీదికి సర్దారు. ఒక్కో బోటుకు రెండు జట్లు. ఒక జట్టు దిగగానే రెండో జట్టు ఎక్కుతుంది, బోటుకు మాత్రం విశ్రాంతి లేదు. అసలే 1985 నుంచి 1992 మధ్య కట్టిన బోట్లవి. వాటి బదులు రావాల్సిన కొత్త తరంలో మొదటిది, బెర్నార్డ్ సి. వెబర్ అనే 154 అడుగుల గస్తీ ఓడ, సర్వీసులో చేరింది 2012 ఏప్రిల్‌లో. అంటే మాటగోర్డా డెక్కు ముడత పడిన ఏడున్నర ఏళ్ళకు. ఈ ఏడున్నర ఏళ్ళ భారం మోసింది పాత బోట్లు, వాటి మీద పనిచేసిన మనుషులు.

ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఈ మధ్య కాలం గురించే. పాత ఓడ పోవడానికీ కొత్త ఓడ రావడానికీ మధ్య ఎన్ని గస్తీ రోజులు పోతున్నాయి? నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఎన్ని ఓడలు కొన్నారు, ఎంత పెద్దవి, మీద ఏ తుపాకీ ఉంది అన్నవి దాని తర్వాత.

ముందు గస్తీ ఓడ ఏం చేస్తుందో రెండు మాటల్లో చెప్తాను. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం తర్వాత తీర దేశాలకు 200 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల వరకు, ఆర్థిక మండలి హక్కు, అంటే ఆ సముద్రంలోని చేపలు, ఖనిజాల మీద హక్కు వచ్చింది. కిరిబాటి అనే పసిఫిక్ దేశాన్ని తీసుకోండి. నేల 811 చదరపు కిలోమీటర్లు, సముద్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, అక్కడికి వెళ్ళి కనపడాలి. దొంగ చేపల వేట, స్మగ్లింగ్, మునిగిపోతున్న పడవలోంచి మనుషుల్ని తీయడం, ఇవన్నీ చేసేది చిన్న ఓడలే. పెద్ద యుద్ధనౌకను ఈ పనికి పంపితే ఖర్చు భరించలేం, పైగా అది చేయాల్సిన పని ఆగిపోతుంది.

ఇప్పుడు ఓడ ఎలా ముసలిదవుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం.

స్టీలు ఓడను డ్రై డాక్‌లోకి, అంటే నీళ్ళు తోడేసిన మరమ్మతు రేవులోకి, ఎక్కించాక మొదట చేసే పనుల్లో ఒకటి ప్లేటు మందం కొలవడం. ఇంజిన్ రూమ్ కింద బిల్జ్ అని ఉంటుంది, నూనె, నీళ్ళు, మురికి అంతా చేరే చోటు. సర్వేయర్ టార్చి పట్టుకుని అందులోకి దూరతాడు. రూపాయి బిళ్ళంత మేర పెయింటు గీకి, మెరిసే లోహం కనిపించాక కాస్త జెల్ రాసి, అల్ట్రాసోనిక్ ప్రోబ్ ఆనిస్తాడు. చేతిలోని చిన్న తెర మీద అంకె పడుతుంది. మొదట కట్టినప్పుడు 6 మిల్లీమీటర్లు ఉన్న ప్లేటు ఒకచోట 5.4 చూపిస్తుంది. జానెడు దూరంలో 5.1. నీళ్ళు నిలిచే మూలకు వచ్చేసరికి 4.2. ఆ అంకెను సుద్దతో ప్లేటు మీదే రాసి చుట్టూ సున్నా చుడతాడు. సుమారుగా పావు వంతు మందం పోయిందంటే ఆ ముక్క కోసేసి కొత్తది వెల్డింగ్ చేయాల్సిందే. ఓడ చిన్నదైన కొద్దీ ప్లేటు పలచన, అంటే తుప్పుకు ఇచ్చే గడువు కూడా తక్కువ.

ఒక ముక్క మార్చడం పెద్ద పని కాదు. కానీ ఆ ముక్క దాకా వెళ్ళాలంటే పైనున్న పైపులు, కేబుళ్ళు, ఒక్కోసారి జనరేటరే పక్కకు తీయాలి. తీసేటప్పుడు ముప్పై ఏళ్ళ నాటి కేబుల్ ఇన్సులేషన్ చేతిలోనే పొడి అవుతుంది. పైపు ఫ్లాంజి బోల్టు విప్పబోతే విరుగుతుంది. మూడు వారాల పని మూడు నెలలవుతుంది. పాత ఓడ రీఫిట్ (పెద్ద మరమ్మతు) ఎప్పుడూ అంచనా దాటిపోవడానికి కారణం ఎవరి బద్ధకమూ కాదు. తెరిచి చూస్తే తప్ప లోపల ఏముందో తెలియదు, అంతే.

బరువు ఇంకో సంగతి. ప్రతి ఏడూ పెయింటు మీద పెయింటు, కొత్త రేడార్, ఇంకో ఏసీ యూనిట్, ఇంకో ర్యాకు. ఏదీ చిన్నదే, కానీ 25 ఏళ్ళకు ఓడ డిజైనర్ అనుకున్నదానికన్నా లోతుగా కూర్చుంటుంది. బరువు పైన చేరిన కొద్దీ ఒరిగాక తిరిగి నిలబడే శక్తి తగ్గుతుంది. కొత్తగా ఏదైనా బిగించాలంటే పాతది ఏదో తీయాల్సిన పరిస్థితి వస్తుంది.

ఆ తర్వాత స్పేర్ పార్టులు. ఇంజిన్ కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేసి ఉంటుంది. అప్పుడు రేవులో కట్టేసిన ఓడలోంచి పంపు తీసి, బయలుదేరే ఓడకు బిగిస్తారు. వారం తర్వాత ఇంకో వాల్వు. అలా ఒక ఓడ మిగతా వాటికి గోడౌన్ అయిపోతుంది. రికార్డుల్లో మాత్రం అదీ దళంలోనే ఉంటుంది. అందుకే ఓడల సంఖ్య చెప్పి మా దగ్గర ఇన్ని ఉన్నాయంటే నేను వెంటనే అడిగేది, అందులో ఈ వారం సముద్రంలోకి వెళ్ళగలిగేవి ఎన్ని అని.

మామూలు లెక్క ఏమిటంటే, ఒక చోట ఎప్పుడూ ఒక ఓడ గస్తీలో ఉండాలంటే మూడు ఓడలు కావాలి. ఒకటి సముద్రంలో, ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలోనో తయారీలోనో. పాతబడిన కొద్దీ మరమ్మతు వాటా పెరుగుతుంది, మూడు కాస్తా నాలుగు అవుతుంది. ఓడల సంఖ్య తగ్గకుండానే గస్తీ తగ్గిపోతుంది. ఏ పత్రికలోనూ వార్త రాదు. ఎందుకంటే ఏ ఓడా మునగలేదు, ఏ ఓడా అమ్మలేదు.

ఈ రోజుల లెక్కను సూటిగా పెట్టుకున్న దేశం ఆస్ట్రేలియా. వాళ్ళ గస్తీ బోట్ల దళం మొత్తం కలిపి ఏడాదికి 3,000 రోజులు అందుబాటులో ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. పాత ఫ్రీమాంటిల్ తరగతి (తరగతి అంటే ఒకే డిజైన్‌తో కట్టిన ఓడల వరస) బోట్లు 15 ఉండేవి, వాటి స్థానంలో 2005 నుంచి 2007 మధ్య 14 ఆర్మిడేల్ తరగతి బోట్లు వచ్చాయి. 42 మీటర్ల బోటు పోయి దాదాపు 57 మీటర్లది వచ్చింది, అల్యూమినియం హల్‌తో, అంటే ఓడ ఒళ్ళంతా అల్యూమినియంతో. లక్ష్యాన్ని 14తో భాగించండి, ఒక్కో బోటుకు 214 రోజులు. సాధించడానికి బోట్లకన్నా ఎక్కువ జట్లను పెట్టి వంతులవారీగా ఎక్కించారు.

ఆలోచన మంచిదే. మనుషులకు సెలవు దొరుకుతుంది, బోటు తిరుగుతూనే ఉంటుంది. కానీ రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, ఒకే బోటు మీద ఒకే జట్టు ఉంటే ఆ శబ్దం, ఆ వణుకు, ఆ లీకు వాళ్ళకు తెలుస్తుంది, తమ బోటు అన్న పట్టింపు ఉంటుంది. జట్లు మారుతుంటే ఆ తెలివిడి చేతులు మారేటప్పుడు కొంత కారిపోతుంది. రెండోది లోహం. స్టీలుకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దులోపు ఒత్తిడి ఎన్నిసార్లు పడినా అలసట పగుళ్ళు దాదాపు రావు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ప్రతి అలా దాని ఖాతాలో జమ అవుతుంది. తేలిక, వేగం, డీజిల్ పొదుపు దాని వల్ల వచ్చే లాభాలు. అయితే అనుకున్నదానికన్నా గట్టి సముద్రంలో, అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు తిప్పితే ఆయుష్షు అంతకంత తొందరగా కరిగిపోతుంది. శరణార్థుల పడవలు ఎక్కువగా వచ్చిన కాలంలో ఆర్మిడేల్ బోట్లకు జరిగింది అదే. హల్‌లో పగుళ్ళు, తుప్పు, ఒకదాని తర్వాత ఒకటి రిపేర్లు. 2014 ఆగస్టులో బండబర్గ్ అనే బోటు బ్రిస్బేన్‌లో రిపేరులో ఉండగా మంటలంటుకుని ఇక పనికిరాకుండా పోయింది. పదేళ్ళు కూడా నిండలేదు దానికి.

సరే, వాటి తర్వాత ఏం వచ్చింది? ఇక్కడ ఆగి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే గస్తీ ఓడల మార్పిడిలో తప్పటడుగులు ఎన్ని రకాలుగా పడతాయో ఈ ఒక్క కథలోనే దొరుకుతాయి. 2017 నవంబర్‌లో 12 ఓడలకు డిజైన్ ఎంపిక చేశారు. జర్మనీ కంపెనీ లుర్సెన్ డిజైన్, 80 మీటర్లు, సుమారు 1,640 టన్నులు, అరఫురా తరగతి. విలువ దాదాపు 360 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. మొదటి రెండు అడిలైడ్ దగ్గర ఆస్బోర్న్‌లో, మిగతావి పశ్చిమ తీరంలో హెండర్సన్‌లో కట్టాలని నిర్ణయం. అంటే మొదటి ఓడలు కట్టి చెయ్యి తిరిగిన వెల్డర్లు ఒకచోట, ఆ తర్వాతి ఓడలు ఇంకోచోట. అనుకున్న 40 మిల్లీమీటర్ల తుపాకీ కుదరక దాన్ని రద్దు చేశారు. 2023 అక్టోబర్‌లో ఈ ప్రాజెక్టు ప్రత్యేక నిఘా పెట్టాల్సిన వాటి జాబితాకు ఎక్కింది. 2024 ఫిబ్రవరిలో నౌకాదళ సమీక్ష వచ్చింది, 12 కాస్తా 6 అయ్యాయి. మొదటి ఓడ అరఫురా సర్వీసులో చేరింది 2025 జూన్‌లో.

డిజైన్ ఎంచుకున్న ఏడున్నర ఏళ్ళకు మొదటి ఓడ. అమెరికా కథలో కూడా ఇంతే కాలం. యాదృచ్ఛికమే కావచ్చు, కానీ గస్తీ ఓడ చిన్నది కదా, రెండేళ్ళలో వచ్చేస్తుందిలే అనుకునేవాళ్ళు ఈ రెండు కథలూ గుర్తుపెట్టుకోవాలి. ఆర్మిడేల్ బోట్లు అప్పటిదాకా నిలబడవని తెలిసి, మధ్యలో సర్దుబాటుగా కేప్ తరగతి బోట్లను మెరుగుపరచి కొన్నారు. అసలే కస్టమ్స్ వాళ్ళ కోసం నడుస్తున్న డిజైన్ అది, కార్మికులకు అలవాటైన పని. ఆ సర్దుబాటు నిర్ణయం నా లెక్కలో ఈ మొత్తం కథలోకెల్లా తెలివైన పని. గొప్పగా కనిపించదు, కానీ గస్తీ ఆగలేదు.

పాత ఓడను తొందరపడి వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్ అనుభవం చెప్తుంది. రివర్ తరగతి రెండో విడత ఓడల్లో మొదటిది ఫోర్త్. 2018 ఏప్రిల్‌లో సర్వీసులో చేరింది. ఆ తర్వాత చూస్తే కొన్ని బోల్టుల తలలు విరిగి ఉన్నాయి, వాటిని జిగురుతో అతికించి పెట్టారు. ఇంకా చాలా లోపాలు. ఓడ మళ్ళీ రిపేరుకు వెళ్ళింది. ఆ ఏడాది మేలో పాత ఓడ టైన్‌కు వీడ్కోలు కూడా అయిపోయింది. దాన్ని మళ్ళీ పిలిపించి పనిలో పెట్టారు. 2017లో పక్కన పెట్టిన సెవర్న్ కూడా తర్వాత తిరిగి వచ్చింది. అదృష్టం ఏమిటంటే రెండూ ఇంకా అమ్ముడుపోలేదు, స్క్రాపుకు పోలేదు.

ప్రతి కొత్త తరగతిలో మొదటి ఓడకు జబ్బులుంటాయి. ఇది ఒక్క షిప్‌యార్డ్ తప్పు కాదు, ఓడ కట్టడంలోనే ఉన్న సంగతి. ఓడను కారులాగా నమూనా తయారుచేసి వందసార్లు పరీక్షించి తర్వాత అమ్మరు. మొదటి ఓడే నమూనా. కాబట్టి మొదటి ఓడ వచ్చిన రోజున పాత ఓడను తీసేసే ప్లాన్ వేస్తే దెబ్బ తినక తప్పదు. రెండో కొత్త ఓడ కుదురుగా ఒక సీజన్ తిరిగేదాకా పాతదాన్ని నడిపే స్థితిలో ఉంచాలి. ఆ ఖర్చు మొదటి బడ్జెట్లోనే రాసుకోవాలి.

కొత్త డిజైన్ విషయంలో నా సలహా ఒక్కటే. సముద్రంలో ఇప్పటికే తిరుగుతున్న ఓడను ఎంచుకోండి, దాన్ని ఎంత తక్కువ మారిస్తే అంత మంచిది. మాటగోర్డా చేదు అనుభవం తర్వాత అమెరికా కోస్ట్ గార్డ్ చేసింది ఇదే. నెదర్లాండ్స్‌కు చెందిన డామెన్ కంపెనీ స్టాన్ పెట్రోల్ 4708 డిజైన్ తీసుకున్నారు, దక్షిణాఫ్రికా అప్పటికే దాన్ని సముద్ర పర్యావరణ గస్తీకి వాడుతోంది. తుపాకీ, సమాచార వ్యవస్థ తమవి పెట్టుకున్నారు. ఆ తరగతి తర్వాత ఏళ్ళ తరబడి ఒకే షిప్‌యార్డులో ఒకదాని వెనక ఒకటి తయారైంది. అలా వరసగా కట్టడంలో ఒక లాభముంది. పదో ఓడకు పట్టే పని గంటలు మొదటిదానికన్నా చాలా తక్కువ. ఆర్డరు ఆపి ఆపి ఇస్తే ఆ నేర్పు చెదిరిపోతుంది, వెల్డర్లు వేరే పనులు వెతుక్కుంటారు.

ఎంత పెద్ద ఓడ, ఎంత వేగం? ఈ ప్రశ్నకు అందరూ వేగం వైపు మొగ్గుతారు. ఓడ వేగం రెట్టింపు చేయాలంటే ఉజ్జాయింపుగా ఎనిమిది రెట్ల శక్తి కావాలి. 12 నాట్లతో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) హాయిగా తిరిగే ఓడను 24 నాట్లతో పరిగెత్తించాలంటే ఇంజిన్లు, ట్యాంకులు, ధర అన్నీ పెరుగుతాయి. నిజానికి గస్తీలో ఎక్కువ గంటలు గడిచేది నెమ్మదిగా. వెంబడించే పని చిన్న బోటుదో, డ్రోన్‌దో, హెలికాప్టర్‌దో. నేనైతే చివరి నాలుగు నాట్ల వేగం వదులుకుని, ఆ డబ్బుతో చిన్న బోటును దించే ఏర్పాటు బాగా చేయిస్తాను.

ఎందుకో చెప్తాను. అనుమానాస్పద ఓడను తనిఖీ చేయాలంటే పక్కనున్న క్రేను నుంచి రబ్బరు బోటును దించుతారు. లోపల ఐదారుగురు, హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు, ఆయుధాలు. ఓడ ఒరిగినప్పుడు బోటు ఊగి వచ్చి ఓడ పక్కకు కొట్టుకుంటుంది. కింద అల పైకి లేచిన క్షణంలో కొక్కెం విప్పాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే అల జారిపోయి బోటు గాలిలో వేలాడుతుంది, లేదా ఒక కొక్కెం విడిచి రెండోది పట్టేస్తుంది. రాత్రి, వాన, మూడు మీటర్ల అల. ప్రతి తనిఖీకీ దించేటప్పుడు ఒకసారి, ఎక్కించేటప్పుడు ఒకసారి ఈ టెన్షన్ ఉంటుంది. వెనకవైపు ర్యాంపు ఉన్న ఓడల్లో బోటు జారి వెళ్తుంది, తిరిగి నేరుగా పైకెక్కుతుంది. మాటగోర్డా మీద ర్యాంపు పెట్టాలన్న ఆలోచన వెనక ఉన్నది ఈ సమస్యే. కోరిక న్యాయమైనదే. పాత హల్‌కు దాన్ని అతికించడమే తప్పయింది.

ఆయుధాలు, పరికరాల విషయంలో డెన్మార్క్ 1980లలో మంచి దారి వెతికింది. వాళ్ళకు మూడు రకాల పాత ఓడలు, మొత్తం 22, ఒకేసారి మార్చాల్సి వచ్చింది. ఒక్కో రకానికి ఒక్కో కొత్త ఓడ కట్టే డబ్బు లేదు. ఒకే రకం హల్ కట్టి, దానిలో నాలుగు గుంటలు వదిలారు. తుపాకీ, క్షిపణులు, క్రేను, మందుపాతరలు తొలగించే సామగ్రి ఒకే కొలత పెట్టెల్లో బిగించి, అవసరాన్ని బట్టి గుంటలో దించుతారు. స్టాన్‌ఫ్లెక్స్ అంటారు దీన్ని. 14 ఓడలతో పని నడిచింది. ఇందులో నాకు నచ్చింది పెట్టెలు మార్చగలగడం ఒక్కటే కాదు. తుపాకీ రిపేరుకు వస్తే పెట్టె రేవులో దించి ఇంకోటి ఎక్కిస్తే చాలు, ఓడ మాత్రం గస్తీకి వెళ్ళిపోతుంది. ఓడ ఆయుష్షు 30 ఏళ్ళు, ఎలక్ట్రానిక్స్ ఆయుష్షు పదేళ్ళు. రెండింటినీ విడదీసి చూసిన మొదటి పెద్ద ప్రయత్నాల్లో ఇదొకటి.

సాదా ఓడ ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి భారత నౌకాదళం సుకన్య తరగతి మంచి ఉదాహరణ. మొదటి మూడు దక్షిణ కొరియాలో, తర్వాతి నాలుగు విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారయ్యాయి. పెద్ద హల్, తక్కువ ఆయుధాలు, హెలికాప్టర్‌కు చోటు. 1990 నాటి సుభద్ర, 2024 మార్చిలో సముద్రపు దొంగల చేతిలో చిక్కిన రుయెన్ ఓడను విడిపించే ఆపరేషన్‌లో పాల్గొంది. అప్పటికి దాని వయసు 34. ఖాళీ జాగా వదిలి కట్టిన ఓడకు ముసలితనం నెమ్మదిగా వస్తుంది. 2023 మార్చిలో భారత్ 11 కొత్త తరం గస్తీ ఓడలకు ఒప్పందం కుదుర్చుకుంది, 7 గోవా షిప్‌యార్డుకు, 4 కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌కు.

ఇప్పటిదాకా ఇనుము గురించి మాట్లాడాను. ఇక మనుషులు. నిజం చెప్పాలంటే ఓడల మార్పిడిలో అందరికన్నా చివర ఆలోచించేది వీళ్ళ గురించే, అందరికన్నా ముందు ఆలోచించాల్సింది కూడా వీళ్ళ గురించే. ఐర్లాండ్ నౌకాదళం 2022 జూలైలో మూడు పాత ఓడలకు ఒకేసారి వీడ్కోలు చెప్పింది. ఆ ఏడాదే న్యూజిలాండ్ దగ్గర రెండు వాడిన గస్తీ ఓడలు 2 కోట్ల 60 లక్షల యూరోలకు కొంది. అవి 2023లో చేరుకున్నాయి, సర్వీసులో చేరింది 2024 సెప్టెంబర్‌లో. ఓడలున్నాయి, నడిపే మనుషులు చాలరు. నౌకాదళం నుంచి ఇంజినీర్లు, ఎలక్ట్రీషియన్లు బయటి ఉద్యోగాలకు వెళ్ళిపోతున్నారు. అటు న్యూజిలాండ్‌లోనూ అదే కథ. 85 మీటర్ల గస్తీ ఓడలు ఒటాగో, వెల్లింగ్టన్ రెండింటినీ 2022లో సిబ్బంది చాలక కట్టేయాల్సి వచ్చింది. వాటిని ఆపింది తుప్పూ కాదు, పగుళ్ళూ కాదు.

ఇంజిన్ రూమ్ చూసుకోగల సీనియర్ టెక్నీషియన్ తయారుకావడానికి పదేళ్ళు పడుతుంది. ఓడ ఆర్డరు ఇచ్చాక మనుషుల్ని వెతకడమంటే దాహమేసినప్పుడు బావి తవ్వడమే. కొత్త ఓడకు తక్కువ సిబ్బంది చాలు, అన్నీ ఆటోమేటిక్ అని కంపెనీలు చెప్తాయి. మామూలు రోజుల్లో చాలు. మంటలంటుకున్న రోజున, రాత్రి రెండింటికి, గొట్టం పట్టుకునే చేతులు ఎన్నున్నాయన్నదే లెక్క. ఇంకో మాట. పాత ఓడల్లో పది పన్నెండు మంది ఒకే గదిలో పడుకునేవారు. ఈ తరం పిల్లలు దానికి ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఆడవాళ్ళకు వేరే గదులు, స్నానాలగదులు, ఇంటికి ఫోన్ చేసుకునే ఇంటర్నెట్ ఉండాలి. ఇవి విలాసాలు అనేవాళ్ళతో నేను అస్సలు ఏకీభవించను. అవి లేక ఒక టెక్నీషియన్ ఉద్యోగం వదిలేస్తే పోయేది పదేళ్ళ శిక్షణ.

చిన్న దేశాలకు ఇది ఇంకా కష్టం. 1987 నుంచి 1997 మధ్య ఆస్ట్రేలియా 12 పసిఫిక్ దేశాలకు 22 గస్తీ బోట్లు కట్టి ఇచ్చింది. బజారులో దొరికే మామూలు ఇంజిన్లు, సులువైన పరికరాలు, శిక్షణ, అక్కడే ఉండి సాయం చేసే సలహాదారులు, అన్నీ కలిపి ఇచ్చింది. అందుకే అవి 15 ఏళ్ళనుకుంటే దాదాపు రెట్టింపు కాలం నిలిచాయి. వాటి బదులు 2018 నుంచి 39.5 మీటర్ల గార్డియన్ తరగతి బోట్లు రావడం మొదలైంది. వాటిలోనూ ఎగ్జాస్ట్ పైపుల్లో పగుళ్ళు వంటి లోపాలు బయటపడ్డాయి, సరిచేయాల్సి వచ్చింది. సమోవాకు ఒక్కటే బోటు, నఫానువా 2. 2021 ఆగస్టులో అది నేలకు కొట్టుకుని ఇక బాగుచేయలేని స్థితికి వచ్చింది. పది ఓడలున్న దళంలో ఒకటి పోతే పదో వంతు పోయినట్టు. సమోవాకు మొత్తం పోయింది. అలాంటి చోట పక్క దేశాలూ అదే రకం బోటు వాడటం వల్ల స్పేర్లు, శిక్షణ, అవసరమైతే బోటే అరువు దొరుకుతాయి.

ప్రభుత్వాలు మారినప్పుడు ఆర్డర్లు మారడం గురించి ఒక్క మాట. ట్రినిడాడ్ అండ్ టొబాగో బ్రిటన్‌లో మూడు గస్తీ ఓడలు కట్టించుకుంది. ఆలస్యాలయ్యాయి, ప్రభుత్వం మారింది, 2010లో ఆర్డరు రద్దయింది. దాదాపు తయారైన ఓడలు. చివరికి బ్రెజిల్ 13 కోట్ల 30 లక్షల పౌండ్లకు కొనుక్కుని అమెజానాస్ తరగతి అని పేరు పెట్టుకుంది. వద్దనుకున్న దేశం తర్వాత మళ్ళీ వేరే గస్తీ బోట్లు కొనాల్సే వచ్చింది. సముద్రం ఎక్కడికీ పోలేదు కదా.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలి? ఓడ ఆయుష్షు 25 ఏళ్ళు అనుకుందాం. కొత్తది రావడానికి ఏడెనిమిదేళ్ళు, మొదటి ఓడ జబ్బులు కుదుటపడటానికి రెండేళ్ళు. అంటే పాత ఓడకు 15 ఏళ్ళున్నప్పుడు, బాగా నడుస్తున్నప్పుడు, ఎవరికీ అవసరం కనపడనప్పుడు కాగితాలు కదలాలి. రాజకీయంగా ఇది కష్టమని నాకు తెలుసు. బాగా నడుస్తున్న దానికి ఇప్పుడెందుకు ఖర్చు అని అడిగేవాళ్ళకు చూపించాల్సింది బిల్జ్‌లో సుద్దతో రాసిన అంకెలు. మందం ఏడాదికి ఎంత తగ్గుతోందో గ్రాఫు గీస్తే ఏ సంవత్సరంలో హద్దు దాటుతుందో స్కూలు పిల్లలు కూడా చెప్పగలరు.

చివరిగా పాత ఓడలు ఎటు పోతాయన్నది. ఐర్లాండ్ ఓడ అష్లింగ్ 36 ఏళ్ళ సర్వీసు తర్వాత 2017లో వేలంలో 1,10,000 యూరోలకు అమ్ముడుపోయింది. చేతులు మారి మరుసటి ఏడాదే లిబియా చేరింది. అక్కడ తూర్పు లిబియా సైన్యాధిపతి హఫ్తర్ బలగాల చేతిలో అల్ కరామా అన్న పేరుతో యుద్ధనౌకగా తిరిగింది. ఆ దేశం మీద ఆయుధ నిషేధం ఉండగానే. ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదికల్లోకి కూడా ఎక్కింది. తుపాకీ తీసేసి అమ్మారు, నిజమే. తుపాకీ బిగించే పీఠం మాత్రం డెక్కు మీద అలాగే ఉంటుంది కదా. 2022లో పక్కన పెట్టిన మూడు ఓడలను ఐర్లాండ్ వేలం వేయలేదు, రీసైక్లింగ్‌కు పంపింది.

రీసైక్లింగ్ కూడా ఉచితం కాదు. పాత ఓడల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పాత కేబుళ్ళలో విషపదార్థాలు ఉంటాయి. హల్ మీద పెయింటు పొరల అడుగున, 2008లో ప్రపంచమంతా నిషేధించిన టీబీటీ అనే, సముద్రజీవులకు విషమైన రంగు ఉండొచ్చు. ఓడల విచ్ఛేదనం మీద హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్‌లో అమలులోకి వచ్చింది, కానీ యుద్ధనౌకలకు అది వర్తించదు. అంటే ఆ కార్మికుల ఊపిరితిత్తుల బాధ్యత పూర్తిగా ఓడ సొంతదారుదే. కొత్త ఓడ టెండరు రాసేటప్పుడే పాత ఓడను ఎవరు విప్పుతారు, ఎక్కడ, ఎవరి ఖర్చుతో అన్న పేజీ అందులో ఉండాలి. కొత్త ఓడలో ఎక్కడెక్కడ ఏ ప్రమాదకర పదార్థం వాడారో జాబితా షిప్‌యార్డ్ నుంచి ఓడతో పాటే తీసుకోవాలి. ఆ జాబితా ముప్పై ఏళ్ళ తర్వాత ఆ ఓడను కోసే మనిషికి అవసరం.

నా వంతు అయింది. ఇక మీ ప్రశ్నలు అడగండి.